పని మీద మక్కువ ఎలా పుడుతుంది? దత్తమండలాల చరిత్ర చెప్పే జవాబు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• దత్తమండలాల్లో కంపెనీ పాలన తొలి దశలో గ్రామచరిత్రల, లిఖితప్రతుల సేకరణ ఎలా మొదలైందో వివరించగలుగుతారు.
• కాలిన్ మెకంజీ, కావలి సోదరులు, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకరి పనికి ఒకరు ఎలా తోడైనారో చెప్పగలుగుతారు.
• ఉద్యోగం కోసం మొదలుపెట్టిన పని జీవితకాలపు మక్కువగా మారే క్రమాన్ని గుర్తించగలుగుతారు.
• ఆ మక్కువకు అధికారం, డబ్బు, అవకాశం ఎంతవరకు ఆధారమైనాయో విమర్శనాత్మకంగా చర్చించగలుగుతారు.

1. పరిచయం

సుమారు ఇరవై ఏళ్ల కిందట ఆత్మకూరులో ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతి ముగించి బయటికి వస్తుంటే ఒక విద్యార్థి నాతోపాటు బస్టాండు దాకా నడిచాడు. ఆయన రెవెన్యూ కార్యాలయంలో చిన్న ఉద్యోగి. అడంగళ్ల నకళ్లు తీయడం, పాత రికార్డులు సర్దడం ఆయన పని. "సార్, ఇది నేను ఇష్టపడి చేరిన ఉద్యోగం కాదు. ఇంట్లో జరుగుబాటు కోసం చేరినాను. మీకు చరిత్ర అంటే ఇష్టం, చరిత్రే చెప్తున్నారు. ఇష్టమైన పని మాలాంటోళ్లకు ఎప్పుడు దొరుకుతుంది?" అని అడిగాడు.

ఆ రోజు ఆయనకు ఒక నిజం చెప్పాను. నేను చరిత్రలో చేరింది ఇష్టంతో కాదు, కోరుకున్న సబ్జెక్టులో సీటు రాక. అది విని ఆయన నవ్వాడు గానీ, అడిగిన దానికి అది పూర్తి జవాబు కాదు. ఆ ప్రశ్న దూరవిద్యలో చదివే చాలామందిది. మీలో అనేకులు పగలు ఏదో ఒక పని చేస్తూ రాత్రి పుస్తకం పడుతున్నవారే. అందుకే దానికి చరిత్రలో జవాబు వెతుకుదాం.

"నీకు ఇష్టమైన పని ఏదో కనుక్కో, తక్కినది అదే వస్తుంది" అని ఈ కాలంలో తరచూ వింటుంటాం. ఆ మాట ప్రకారం ఇష్టం ముందే మనలో ఎక్కడో దాగి ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవడమే మిగిలింది. ఈ పాఠంలో మనం చూడబోయే మనుషుల జీవితాలు వేరే విధంగా నడిచాయి. వారికి పని ముందు వచ్చింది, అదీ పొట్టకూటి కోసమో ఉద్యోగ ధర్మంగానో వచ్చింది. ఆ పనిలో ఒక లోటు ఎదురైంది. ఆ లోటు తీర్చే తోడు దొరికింది. ఏళ్ల తరబడి సాగిన తరవాతనే దాన్ని మక్కువ అనవలసిన స్థితి వచ్చింది.

2. నేపథ్యం

ఇప్పటి కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను, కర్నూలు సీమలో కొంత భాగాన్ని హైదరాబాదు నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అందుకే వీటిని దత్తమండలాలు అన్నారు. కర్నూలు నవాబుల పాలన మాత్రం 1839 వరకు సాగింది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో పనిచేసి, ఇక్కడ రైత్వారీ శిస్తు పద్ధతికి పునాది వేశాడు.

రైత్వారీ అంటే ప్రభుత్వం ప్రతి రైతుతోనూ నేరుగా లెక్క చూసుకోవడం. జమీందారు మధ్యలో లేనప్పుడు కలెక్టరుకు ఊరు తెలియాలి, చేను తెలియాలి, ఏ మాన్యం ఎవరు ఎప్పుడు ఇచ్చారో తెలియాలి. ఆ వివరాలు కరణాల కవిలెల్లో ఉన్నాయి. కవిలెలు తెలుగులో ఉన్నాయి. కాబట్టి భాష తెలియని అధికారి ఈ సీమలో చేతులు కట్టేసినవాడితో సమానం. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరవాతి కథకంతా ఇదే మూలం.

3. కాలిన్ మెకంజీ: పదమూడేళ్ల ఆలస్యం

కాలిన్ మెకంజీ 1754 ప్రాంతంలో స్కాట్లండు వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపంలో, స్టోర్నోవే పట్టణంలో పుట్టాడు. మొదట అక్కడే సుంకం శాఖలో ఉద్యోగి. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయించాలనుకున్న నేపియర్ వంశీయుడి ప్రోత్సాహంతో హిందువుల గణితం మీద ఆయనకు ఆసక్తి కలిగింది. 1783లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. మదురైలో కొందరు పండితులను కలిశాడు కూడా.

తరవాత సైనిక విధులు ఆయనను ఊరూరా తిప్పాయి. యుద్ధాలు, కోటల ముట్టడులు, దారుల కొలతలు, పటాలు. 1794లో ఆయన శ్రీశైలం చూశాడు. ఆ ప్రయాణపు దినచర్య నుంచి కొంత భాగం కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ వారి 'ఏషియాటిక్ రిసర్చెస్' 5వ సంపుటంలో అచ్చయింది. మన ఆత్మకూరు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా నల్లమల దాటి భక్తులు కాలినడకన చేరే క్షేత్రమే అది. ఆలయాన్ని ఒక ఇంజనీరు కన్నుతో చూసి మెకంజీ వివరంగా రాశాడు. కానీ అక్కడి శాసనాలను ఆయన తనంతట తాను చదవలేడు. భాష రానివాడికి శాసనం మూగరాయే.

1817లో తన మిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో మెకంజీ తన జీవితాన్ని సింహావలోకనం చేసుకున్నాడు. భారతదేశంలో తన తొలి పదమూడేళ్లు ఈ పని విషయంలో దాదాపు వృథాగా పోయాయని, భాష తెలియకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని ఒప్పుకున్నాడు. 1796లో సింహళం నుంచి తిరిగి వచ్చాక కావలి వెంకట బొర్రయ్యతో పరిచయం కావడం తనకు భారతీయ విజ్ఞానపు వాకిలి తెరిచిందని చెప్పాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మెకంజీకి ఆసక్తి మొదటి నుంచీ ఉంది. అయినా పదమూడేళ్లు అది ఎటూ కదల్లేదు. ఆసక్తి ఉండటం వేరు, దానికి దారి దొరకడం వేరు. ఆ దారి చూపింది మరో మనిషి.

4. కావలి సోదరులు: తోడు ఎవరు, యజమాని ఎవరు?

కావలి సోదరులు ఏలూరు ప్రాంతపు నియోగి బ్రాహ్మణులు. బొర్రయ్య వారిలో ప్రసిద్ధుడు. సంస్కృతం, తెలుగుతోపాటు ఇంగ్లీషు, హిందుస్తానీ వంటి భాషలు వచ్చినవాడు. మెకంజీ వద్ద చేరేనాటికి ఇరవై ఏళ్ల యువకుడు. అనువాదం చేయడం, ఊళ్లకు వెళ్లి సమాచారం రాబట్టడం ఆయన కొలువు.

1799లో టిప్పు సుల్తాను మరణించిన తరవాత మెకంజీకి మైసూరు సర్వే బాధ్యత వచ్చింది. అక్కడ బొర్రయ్యకు పాత కన్నడ లిపిలో ఉన్న శాసనాలు ఎదురైనాయి. నాటి పండితుల్లో చాలామందికి ఆ లిపి చదవరాదు. బొర్రయ్య పట్టుబట్టి అక్షరం అక్షరం పోల్చి చూసి దాన్ని చదివే మార్గం కనుక్కున్నాడు. ఇది ఆయన జీతంలో భాగమైన పని కాదనుకోండి, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. చదవరాలేదని రాసి పంపితే సరిపోయేది. ఉద్యోగం ఆగిన చోట మక్కువ మొదలైంది.

1803లో బొర్రయ్య మరణించాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆయన సేకరించి అనువదించిన జైనుల వృత్తాంతం ఆ తరవాత 'ఏషియాటిక్ రిసర్చెస్' 9వ సంపుటంలో వెలువడింది. ఆయన స్థానంలో సోదరుడు లక్ష్మయ్య పనిని అందుకుని, మెకంజీ పంపిన స్థానిక ఉద్యోగుల బృందానికి పెద్దగా నిలిచాడు. మరో సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషులో రాసి 1829లో ప్రచురించాడు. ఒక ఇంట్లో ఒకరికి అంటిన వ్యాసంగం తక్కినవారికీ పాకిందన్నమాట.

5. కైఫీయత్తు ఎలా తయారయ్యేది?

మెకంజీ 1810లో మద్రాసుకు, 1815లో భారతదేశానికంతటికీ సర్వేయర్ జనరల్ అయ్యాడు. దత్తమండలాల సర్వే కూడా ఆయన ఆధ్వర్యంలోనే జరిగింది. సర్వే బృందాలు భూమిని కొలుస్తుంటే, లక్ష్మయ్య పర్యవేక్షణలోని ఉద్యోగులు ఊరి చరిత్రను రాసుకునేవారు. ఇలా రాసిన గ్రామ వృత్తాంతమే కైఫీయత్తు.

ఆ ఉద్యోగి ఊరు చేరి ముందు కరణాన్ని, పూజారిని, పెద్దలను కలవాలి. కరణం ఇంట్లోని కవిలె కట్ట విప్పించాలి. గుడి దగ్గర శాసనానికి నకలు తీయాలి. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, ఏ కరువుకు ఊరు పాడైంది, మళ్లీ ఎవరు కట్టించారు అని అడిగి రాయాలి. ఊరివారికి అనుమానం సహజం. చెప్పిన వివరం ఎక్కడ తమ మాన్యాన్ని ఊడగొడుతుందోనని భయం. సమాచారం రాబట్టడానికి ఓర్పు కావాలి, మాట నేర్పు కావాలి, ఎండలో తిరిగే కాళ్లు కావాలి.

మెకంజీ 1821లో మరణించేనాటికి ఆ సేకరణ ఎంత పెద్దదైందో ఆ తరవాత హెచ్. హెచ్. విల్సన్ తయారుచేసిన జాబితా చెబుతుంది: 1,568 గ్రంథ లిఖితప్రతులు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసనాల నకళ్లు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు. వీటన్నిటిని ప్రభుత్వం ఆయన భార్య నుంచి 1 లక్ష రూపాయలకు కొన్నది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. రైత్వారీ పద్ధతిలో అధికారికి స్థానిక భాష ఎందుకు అవసరమైంది?
2. మెకంజీ తన తొలి పదమూడేళ్లను ఎందుకు వృథాగా భావించాడు?

6. బ్రౌన్: కడప కచేరి నుంచి వేమన దాకా

మెకంజీ మరణానికి కొద్ది నెలల ముందు, 1820 ఆగస్టులో, ఇరవై ఒక్క ఏళ్ల ఇంగ్లీషు యువకుడు కడప కలెక్టరుకు సహాయకుడిగా వచ్చాడు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, పండితుడు. తండ్రి 1812లో పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. కంపెనీ ఉద్యోగానికి హెయిలీబరీ కళాశాలలో శిక్షణ పొంది 1817లో మద్రాసు చేరాడు. సెంట్ జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చుకోవడం ఆయన కోరిక ప్రకారం జరిగింది కాదు. ఉద్యోగంలో నిలవాలంటే దేశభాషల్లో పరీక్ష ప్యాసు కావాలి, అంతే.

కడప కచేరిలో ఆయన రెండేళ్లు పనిచేశాడు. అర్జీలు, తగాదాలు, శిస్తు లెక్కలు అన్నీ తెలుగులోనే. కళాశాలలో నేర్చిన వ్యాకరణం ఒక తెలుగు, కచేరి మెట్ల మీద రైతు మాట్లాడేది మరో తెలుగు. ఈ తేడా ఆయనకు మొదటి పాఠం. మూడు దశాబ్దాల తరవాత ఆయన నిఘంటువులో కావ్యాల పదాల పక్కనే కచేరి మాటలు, వాడుక మాటలు చోటుచేసుకోవడానికి బీజం ఇక్కడే పడిందని చెప్పవచ్చు.

1822లో మచిలీపట్నం బదిలీ అయ్యింది. 1824లో అక్కడ ఫ్రెంచి మతాచార్యుడు అబె దుబాయ్ రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన చదివాడు. నాలుగేళ్లుగా తెలుగు దేశంలో ఉంటూ, తెలుగులో పనిచేస్తూ, ఆ కవి గురించి ఒక విదేశీయుడి పుస్తకం ద్వారా తెలుసుకోవడమా? బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు వెతకడం మొదలుపెట్టాడు. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరోదానిలో లేదు, ఉన్నా పాఠం వేరు. ఏది సరైనది? ఈ చిక్కు ఆయనను వదల్లేదు. 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. అక్కడితో ఆగక మరో పదేళ్లు పనిచేసి 1839లో 1,164 పద్యాలతో రెండో కూర్పు తెచ్చాడు. మొదటి పుస్తకానికి, రెండో పుస్తకానికి మధ్య పెరిగిన ఆ 471 పద్యాలే మక్కువ పెరిగిన తీరుకు మంచి కొలత.

7. కడప బంగళా: మక్కువకు ఒక పద్ధతి

1826లో బ్రౌన్ మళ్లీ కడప వచ్చాడు. తోటతో ఉన్న ఒక బంగళా కొని, అందులో పండితులను కొలువుపెట్టాడు. దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. అది విద్యార్థులు చేరే కళాశాల కాదు, గ్రంథాలను పరిష్కరించే పనిశాల. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవారు. వాటిని పక్కపక్కన పెట్టి చదివేవారు. పాఠభేదాలు గుర్తించి, తప్పులు దిద్ది, శుద్ధప్రతి రాసేవారు. తరవాత దానికి వ్యాఖ్య రాయించేవారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు బ్రౌన్ పనిలో పాలుపంచుకున్నారు. అప్పయ్య వ్యాఖ్యతో వసుచరిత్ర 1844లో, మనుచరిత్ర 1851లో అచ్చయినాయి.

పండితుల జీతాలు, కాగితం ఖర్చు బ్రౌన్ తన జేబు నుంచే పెట్టాడు, అప్పుల పాలయ్యాడు. ఉద్యోగంలోనూ ఒడుదొడుకులు తప్పలేదు. 1830ల మధ్యలో కొంతకాలం ఇంగ్లండులో గడపవలసి వచ్చింది. అక్కడ ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణ భారత భాషల ప్రతులు కట్టలుగా పడి ఉండటం చూసి, వాటిని మద్రాసుకు పంపే ఏర్పాటు చేశాడు. తిరిగి వచ్చాక 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రచురించాడు. 1855లో ఉద్యోగం విడిచి లండను చేరి, 1865 నుంచి అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884 డిసెంబరు 12న మరణించాడు.

మెకంజీ కథను, బ్రౌన్ కథను కలిపే ముడి ఒకటి ఉంది. మెకంజీ సేకరించిన తెలుగు కైఫీయత్తులు మద్రాసులో శిథిలమవుతుంటే, బ్రౌన్ వాటిని మళ్లీ నకలు రాయించి సంపుటాలుగా కట్టించాడు. ఆ శ్రమ లేకపోతే మన గ్రామచరిత్రల్లో ఎన్నో పురుగుల పాలయ్యేవి.

8. ఎవరి మక్కువ, ఎవరి ఖర్చు?

ఇంతవరకు చదివి మెకంజీని, బ్రౌన్‌ను మెచ్చుకుని ఊరుకుంటే మనం చరిత్ర చదివినట్టు కాదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, డబ్బు. బ్రౌన్ పండితులకు ఇచ్చింది తన జీతమే. ఆ జీతం ఎక్కడిది? ఈ మెట్ట పొలాల శిస్తు నుంచి వచ్చినదే. వాన రాని ఏడాది కూడా శిస్తు కట్టిన కొర్ర, జొన్న రైతు ఆ గ్రంథాల అట్టల మీద కనిపించడు. కానీ ఆ కాగితం ఖర్చులో అతని పాలు ఉంది.

రెండోది, గుర్తింపు. మెకంజీ మరణం తరవాత లక్ష్మయ్య ఆ పనిని తాను కొనసాగిస్తానని ముందుకు వచ్చాడు. ఏళ్ల తరబడి ఆ సేకరణను నడిపిన మనిషి ఆయన. 1830ల్లో ఆయన ప్రతిపాదనను ఆసియాటిక్ సొసైటీ సమర్థించలేదు. అటువంటి విమర్శనాత్మక కార్యానికి స్థానికుడు చాలడన్నది వారి అభిప్రాయం. ఆ పని విలియం టేలర్ అనే మిషనరీకి దక్కింది. మక్కువ ఉంది, నేర్పు ఉంది, అనుభవం ఉంది, అవకాశం మాత్రం ఇవ్వలేదు. 'ఇష్టపడి పనిచేస్తే అన్నీ వస్తాయి' అనే మాట లక్ష్మయ్య విషయంలో అబద్ధమైంది.

మూడోది, 'రక్షించడం' అనే మాట. చచ్చిపోతున్న తెలుగు సాహిత్యాన్ని బ్రౌన్ బతికించాడని తరచూ అంటుంటారు. ఆయన సేవ గొప్పదే. అయితే ఆయనకు దొరికిన ప్రతులు ఎక్కడివి? ఎవరి ఇళ్లలోనో తరతరాలుగా నకలు రాసి దాచుకున్నవే. వేమన పద్యాలు జనం నోళ్లలో ఉన్నవే. దాచినవారు, పాడినవారు లేకపోతే సేకరించేవారికి దొరికేదేమీ లేదు.

ఈ మూడు ప్రశ్నల వల్ల బ్రౌన్ చిన్నవాడు కాడు. పక్కన మరి కొందరు పెద్దవాళ్లు కనిపిస్తారు.

9. కడపలో కొనసాగిన దారి

బ్రౌన్ బంగళా కాలక్రమంలో పాడుబడింది. ఇరవయ్యో శతాబ్దంలో 'బంగోరె'గా పేరుపొందిన బండి గోపాలరెడ్డి బ్రౌన్ రాతప్రతులను, లేఖలను వెతికి వెలుగులోకి తెచ్చాడు. కడపలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి చందాలు కూడగట్టి, బ్రౌన్ నివసించిన చోటనే గ్రంథాలయం నిలబెట్టడానికి పూనుకున్నాడు. అదే తరవాత సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమైంది. కట్టా నరసింహులు పరిష్కరించిన కడప జిల్లా కైఫీయత్తుల సంపుటాలను ఆ కేంద్రం ప్రచురించింది. అంటే బొర్రయ్య తమ్ముళ్లు, కరణాలు కలిసి రాసినది, బ్రౌన్ నకలు రాయించినది, రెండు వందల ఏళ్ల తరవాత అచ్చులో మీ చేతికి అందుతున్నది. చదివేది ఇంగ్లీషు పాఠమైనా, చేతికందిన పని తెలుగు గ్రంథాలయం కావడం హనుమచ్ఛాస్త్రి కథలో గమనించవలసిన విషయం.

10. ముగింపు: మీ పనిలో ఏమి వెతకాలి?

మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగ్ వాల్టన్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆసక్తి పుట్టుకతోనే స్థిరంగా ఉంటుందని నమ్మేవారు, విషయం కఠినం కాగానే దాన్ని వదిలేసే అవకాశం ఎక్కువని వారు గమనించారు. ఆసక్తి పెంచుకుంటే పెరుగుతుందని నమ్మేవారు కష్టంలోనూ నిలిచారు. మన సీమ చరిత్రలో చూసినదీ ఇదే. పాత కన్నడ లిపి, పొసగని పాఠాలు, అనుమానించే ఊరివారు – కష్టం ఎదురైన చోటనే ఈ మనుషుల మక్కువ ముదిరింది.

కాబట్టి మీ పని మీకు నచ్చిందా లేదా అని రోజూ తూచుకోవడం కంటే, దానిలో మీకు ఇంకా తెలియనిది ఏమిటని అడిగి చూడండి. అది తెలిసినవారు మీ దగ్గరలో ఎవరున్నారో వెతకండి. తెలుసుకున్నది ఎక్కడైనా రాసిపెట్టండి. అయినా మక్కువ పుట్టకపోతే అది మీ లోపమని బాధపడవద్దు. జీతం సరిగా రాని పనిలో, మర్యాద లేని చోట ఇష్టం పుట్టలేదంటే తప్పు మనిషిది కాదు. లక్ష్మయ్యకు జరిగింది మరచిపోకండి.

ఆత్మకూరు విద్యార్థి మాట చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడాది పరీక్షల సమయంలో మళ్లీ కలిశాడు. చేతిలో వంద పేజీల నోటు పుస్తకం. పాత రికార్డుల్లో కనిపించిన కుంటల పేర్లు, వాగుల పేర్లు, చేన్ల పేర్లు ఊరువారీగా రాసుకున్నాడు. కొన్ని కుంటలు ఇప్పుడు లేవట, పేరు మాత్రం కాగితంలో ఉందట. "పేరు ఎందుకొచ్చిందో మా ఊరి ముసలాయన చెప్పినాడు సార్, ఆయన పోతే ఇంక చెప్పేవాళ్లు లేరు" అన్నాడు. ఉద్యోగం నచ్చిందా అని నేను అడగలేదు. ఆ నోటు పుస్తకం నిండాక ఇంకొకటి కొన్నాడని తరవాత తెలిసింది.

సారాంశం

దత్తమండలాల్లో రైత్వారీ పాలన అవసరాలు అధికారులను స్థానిక భాషల వైపు, గ్రామ రికార్డుల వైపు నడిపించాయి. మెకంజీకి ఆసక్తి ఉన్నా, కావలి బొర్రయ్య తోడు దొరికేవరకు దానికి దారి ఏర్పడలేదు. బ్రౌన్ ఉద్యోగ పరీక్ష కోసం తెలుగు నేర్చి, వేమన పద్యాల పాఠభేదాల చిక్కులో పడి, కడప బంగళాలో పద్ధతి ప్రకారం గ్రంథ పరిష్కరణ సాగించాడు. పని, లోటు, తోడు, ఓపిక అనే నాలుగు మెట్ల మీదుగా మక్కువ పెరిగింది. దాని వెనక రైతు శిస్తు, పండితుల శ్రమ, స్థానికులకు దక్కని గుర్తింపు కూడా ఉన్నాయి.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. మెకంజీ సేకరణలో కావలి సోదరుల పాత్రను వివరించండి.
2. కడపలో బ్రౌన్ సాగించిన గ్రంథ పరిష్కరణ విధానాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. కైఫీయత్తు అంటే ఏమిటి? దాన్ని ఎలా తయారుచేసేవారు?
2. 'చచ్చిపోతున్న తెలుగు సాహిత్యాన్ని బ్రౌన్ బతికించాడు' అనే అభిప్రాయాన్ని పరిశీలించండి.

III. అభ్యాసం
మీ ఊరిలోని ఒక చెరువు, బావి లేదా గుడి గురించి ఇద్దరు పెద్దలను అడిగి, వారు చెప్పినది చెప్పినట్టు రెండు పేజీలు రాయండి. ఇద్దరి మాటల్లో తేడా ఉంటే దాన్ని దిద్దకుండా అలాగే చూపండి.